పిలుపు దేవునిది, జవాబు మనది: జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి జీవితం



బైబిలు తరగతిలో మనవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. రక్షింపబడేవారిని దేవుడు లోకం పుట్టకముందే ఏర్పరచుకున్నాడని ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం చెబుతోంది గదా, మరి మన ఇష్టానికి చోటెక్కడ? మన ఇష్టమే ముఖ్యమైతే దేవుని ఏర్పాటుకు అర్థమేమిటి?

హుల్సూరులోనూ బీదరు జిల్లాలోని ఇతర ఊళ్ళలోనూ స్థిరపడిన మనకు ఈ ప్రశ్న మరింత దగ్గరగా తగులుతుంది. ఈ జిల్లాలో మెథడిస్టు సంఘాలు పాతవి, పెద్దవి. వారితో మనకు ఇరుగుపొరుగు ఉంది, వియ్యాలూ ఉన్నాయి. వారి మూలపురుషుడైన జాన్ వెస్లీ, కృప అందరికీ ఉచితంగా చాపబడిందనీ దానిని అందుకోవడమో తోసివేయడమో మనిషి చేతిలో ఉందనీ 1739లోనే గట్టిగా ప్రసంగించాడు. మన బాప్తిస్టులలో చాలామంది పూర్వికులు దేవుని ఏర్పాటును ముందుగా చెప్పినవారు. వారిలో కొందరు ఆ బోధను ఎంత దూరం తీసుకుపోయారంటే, అన్యజనులను మార్చదలచుకుంటే దేవుడే మార్చుకుంటాడు, మనం పోనక్కరలేదు అన్నారు. అదే సమాజానికి చెందిన విలియం కేరీ 1792లో పుస్తకం రాసి, వెళ్ళి ప్రకటించడం మన బాధ్యత అని వాదించి, మరుసటి ఏడు బెంగాలు చేరాడు. ఆ తర్వాత 1833లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ బాప్తిస్టులు రాసుకున్న విశ్వాస ప్రమాణంలో దేవుని ఏర్పాటు మనిషి స్వేచ్ఛకు భంగం కలిగించదని స్పష్టం చేశారు.

ఇవన్నీ పుస్తకాల మాటలు. ఈ రెండు సత్యాలూ ఒకే మనిషి బ్రతుకులో ఎలా కలిసి నిలిచాయో చూడాలంటే మనం సముద్రాలు దాటి పోనక్కరలేదు. మన తాతముత్తాతలకు సువార్త తెచ్చిన ఒంగోలు క్లౌ దొరగారి జీవితం చూస్తే చాలును.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న న్యూయార్కు రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్ దగ్గర పుట్టారు. మన తెలుగు బాప్తిస్టు మిషను తొలి మిషనరీ శామ్యూల్ డే దొరగారు తెలుగు దేశంలో అడుగుపెట్టిన సంవత్సరమూ అదే. తెలుగువారి కోసం ఒకరు ఓడ దిగుతున్న ఏట, వారి కోసం మరొకరు తొట్టెలో ఉన్నారు. ఇది తలచుకున్నప్పుడు దేవుని ముందుచూపును మనం స్తుతించకుండా ఉండలేము.

అయితే ఆ బాలుడు పెద్దవాడై భక్తిపరుడేమీ కాలేదు. వారి కుటుంబం పశ్చిమానికి వలస పోయింది. అవును, క్లౌ గారూ వలస కుటుంబంలోని బిడ్డే. మిన్నెసోటాలో భూముల సర్వే పని చేశారు, న్యాయవాది కావాలని ఆశపడ్డారు. అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో చదువుకునే రోజుల్లో ఆయన గదిలోనే ఉండే స్నేహితుడు ప్రార్థనాపరుడు. ఆ ప్రార్థనల గోల భరించలేక క్లౌ గారు సుద్దముక్కతో గది మధ్య గీత గీశారట. బైబిలు, ప్రార్థన ఆ స్నేహితుడి వైపే ఉండాలి, తన వైపుకు రాకూడదని నియమం పెట్టారట. కొన్నాళ్ళకు ఆ గీతను తానే దాటి స్నేహితుని ప్రక్కన మోకరించారు. గీత గీసినది ఆయన చెయ్యే, దాటినది ఆయన కాలే. కానీ ఆ మనసును అంతవరకూ నడిపించినది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు ఆయన జీవితమంతటా కనబడుతుంది.

ఇక్కడ మన మిషను సంగతి కొంచెం చెప్పుకోవాలి. పాతికేళ్ళకు పైగా పనిచేసినా తెలుగు దేశంలో ఫలితం బహు స్వల్పం. ఈ మిషనును మూసివేద్దామని అమెరికాలో పెద్దలు 1853లో ఆలోచించారు, మళ్ళీ 1862లో ఆలోచించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులోని కొండ ఎక్కి ఆ ఊరికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. అదే నేటి ప్రార్థన కొండ. దేవుడు తెలుగువారిని ఏర్పరచుకున్నాడని నమ్మినవారే చలిలో కొండ ఎక్కి మోకాళ్ళూనారు. ఏర్పాటును నమ్మడం వారిని ఊరికే కూర్చోబెట్టలేదు. 1862లో మిషను మూసే మాట వచ్చినప్పుడు, ఎవరూ పంపకపోయినా తాను తిరిగి వెళతానని జ్యూయెట్ గారు పట్టుబట్టారు. ఆయన వెంట యువకుడైన క్లౌ గారు భార్య హారియెట్‌తో కలిసి 1864 చివరలో ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో నెల్లూరు చేరారు. 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

క్లౌ గారు వచ్చేసరికే దేవుడు అక్కడ ఒక మనిషిని సిద్ధపరచి ఉంచాడు. ఒంగోలుకు పడమట తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యగారు మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం చేసేవారు. నిజదేవుని వెదకుతూ గురువుల దగ్గర యోగం నేర్చుకున్నవారు. వ్యాపారం మీద ఉత్తరానికి పోయినప్పుడు సువార్త విన్నారు. తర్వాత ఒంగోలుకు తానే నడిచి వచ్చి, భార్య నాగమ్మగారితో కలిసి 1866లో జ్యూయెట్ గారిచేత బాప్తిస్మం పొందారు. మరుసటి జనవరిలో ఆయన ఊరికి క్లౌ గారు వెళ్ళేసరికి చుట్టుపక్కల పల్లెలవారు అయిదారు రోజులకు సరిపడా తిండి మూటలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. వారికి బోధించి, పరీక్షించి, 28 మందికి బాప్తిస్మమిచ్చారు.

ఆ తొలి రోజుల్లోనే క్లౌ గారికి పెద్ద పరీక్ష వచ్చింది. ఒంగోలు బడికి బ్రాహ్మణుల, కోమట్ల పిల్లలు వచ్చేవారు. పెద్ద కులాలవారు కొందరు సంఘంలో చేరడానికి కూడా ఆసక్తి చూపుతున్నారు. అంతలో పేరయ్యగారి మనుషులు వచ్చేసరికి, వీరిని చేర్చుకుంటే తాము రామని వారు చెప్పేశారు. పెద్ద కులాలు ముందు వస్తే తక్కినవారు వెనుక వస్తారని లోకజ్ఞానం చెబుతుంది. ఏమి చేయాలో తోచక క్లౌ గారు తన గదిలో బైబిలు తెరిచారు. 1 కొరింథీ 1:26-29 కళ్ళబడింది. జ్ఞానులనూ ఘనులనూ కాక, లోకం లెక్కచేయని బలహీనులనూ తృణీకరింపబడినవారినీ దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు రాసిన భాగమది. అదే వేళకు వేరే గదిలో హారియెట్ దొరసానిగారు మరొక బైబిలు తెరిస్తే అదే భాగం కనబడింది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తర్వాత మాట్లాడుకున్నప్పుడు గాని తెలియలేదు. అంతటితో వారి సందేహం తీరింది. మాదిగపాలెం వారిని చేర్చుకున్నారు. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు.

సహోదరులారా, ఏర్పాటు అనే మాట మన సంఘాలకు వచ్చిన దారి ఇది. పండితుల వాదంగా రాలేదు. ఊరి బయట నిలబెట్టబడిన మన పెద్దలకు తలుపు తెరిచిన మాటగా వచ్చింది. ఏర్పాటు బోధ మనిషిని గర్విష్ఠిని చేస్తుందనేవారు ఈ సంగతి గమనించాలి. దేవుడు ఏర్పరచుకున్నాడంటే మనలో చూపించుకోదగినది ఏమీ లేదనే అర్థం. అందుకే పౌలు అదే భాగంలో అతిశయానికి తావు లేదని ముగించాడు.

ఇక రెండవ ప్రక్క చూద్దాం. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతా ఘోరమైన కరువు. క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించారు. ఎప్పుడో నేర్చిన సర్వే పని అప్పుడు అక్కరకు వచ్చింది. బోధకులు పనులు చూస్తూ, మధ్యాహ్నం కూలీలు కూర్చున్నప్పుడు వారికి యేసును గురించి చెప్పేవారు. పల్లెలకు పల్లెలు బాప్తిస్మం అడిగాయి. అయినా క్లౌ గారు ఇవ్వలేదు. 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు, 15 నెలలపాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

ఎందుకు? ఆకలిగొన్న మనిషి అన్నం పెట్టే చేతికి అవునని చెప్పగలడు గాని, కాదని చెప్పలేడు. కాదనలేనివాడి అవునుకు విలువ కట్టడం కష్టం. ఆ మనుషులను దేవుడు ఏర్పరచుకున్నాడని క్లౌ గారికి సందేహం లేదు. అయినా వారి జవాబు స్వేచ్ఛగా రావాలని ఆయన కనిపెట్టారు. దేవుడు ఏర్పరచుకున్నవారు 15 నెలలు ఆలస్యమైనంత మాత్రాన జారిపోరనే ధైర్యం ఉన్నవాడే అలా ఆగగలడు. ఏర్పాటు మీద నమ్మకమే మనిషి స్వేచ్ఛను గౌరవించే ఓర్పును ఆయనకిచ్చిందని మేము తలుస్తాము.

కరువు సాయం ముగిసింది. ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, ఇళ్ళకు వెళ్ళండని క్లౌ గారు చెప్పారు. తమకు సాయం అక్కరలేదు, బాప్తిస్మమే కావాలని జనం కదలలేదు. ఒంగోలుకు ఉత్తరాన సుమారు పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో బాప్తిస్మాలు జరిగాయి. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది నీటిలో దిగారు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. క్లౌ గారు ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు, ఒడ్డున ఉండి అంతా క్రమంగా జరిగేలా చూశారు. ఆ సంవత్సరాంతానికి కొత్తగా బాప్తిస్మం పొందినవారు 9,606 మంది.

ఇంతమందిని ఒక్కసారిగా చేర్చుకోవడమేమిటని విమర్శలు వచ్చాయి. పాలెం పాలెమంతా కలిసి వచ్చినమాట నిజమే. మన పల్లెల్లో పెద్దలు కూర్చుని అనుకోనిదే ఏదీ జరగదు. కానీ నీటిలోనికి దిగినది ఒక్కొక్కరే. బోధకులు ఎవరి పల్లెవారిని వారు ఎరిగి, విచారించి, పేర్లు రాసుకుని తెచ్చారు. పైగా బాప్తిస్మం తర్వాత వారికి దొరికినది అన్నం కాదు, కష్టం. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు అని క్లౌ గారు పెట్టిన మూడు నియమాలు పాటించినందుకు, జాతరలో డప్పు కొట్టమన్నందుకు మన పెద్దలు దెబ్బలు తిన్నారు. ఊరి బావి, ఊరి పని పోగొట్టుకున్నారు. అయినా నిలబడ్డారు. నిలబడడం వారి తీర్మానం, నిలబెట్టినది దేవుని కృప.

హారియెట్ దొరసానిగారు 1893లో ప్రభువు నందు నిద్రించారు. క్లౌ గారు సుమారు నాలుగు దశాబ్దాలు తెలుగువారి మధ్య సేవచేసి, 1910 నవంబరు 24న న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టరులో ప్రభువు సన్నిధికి చేరుకున్నారు.

ఈ జీవితం నుండి హుల్సూరు ప్రాంతపు మన కుటుంబాలు నేర్చుకోవలసినవి రెండు.

మొదటిది. మన తాతలు గుండ్లకమ్మలో దిగినవారు కావచ్చు. ఆ జవాబు వారిది, మన పిల్లలది కాదు. బడిలో హాజరుపట్టీ సంగతి అందరికీ తెలుసు. పట్టీలో పేరు రాసేది ఉపాధ్యాయుడు. పిల్లవాడు తనంతట తాను రాసుకోలేడు. కానీ పేరు పిలిచినప్పుడు పలకవలసినది ఆ పిల్లవాడే. అన్న పలికితే తమ్మునికి హాజరు పడదు. పెళ్ళి కుదిరింది, తేదీ దగ్గరపడింది, కాబట్టి ఈ ఆదివారమే బాప్తిస్మం ఇచ్చేయండి అని మనలో కొందరు కాపరిగారిని తొందరపెట్టడం ఉంది. కరువులో అన్నం చేసే బలవంతమే ఇక్కడ ముహూర్తం చేస్తోంది. క్లౌ గారు 15 నెలలు ఆగారు. మన బిడ్డ హృదయపూర్వకంగా అవునని చెప్పేవరకు మనం ఆగలేమా? అవసరమైతే పెళ్ళి తేదీని జరపవచ్చు.

రెండవది. ఇక్కడ మనకు ఇళ్ళు ఏర్పడ్డాయి, ఉద్యోగాలు వచ్చాయి. కొత్తగా పనికోసం వచ్చిన పేద కుటుంబం ఆరాధనలో వెనుక వరుసలో కూర్చుంటే మనం పలకరిస్తున్నామా? ఫలానావారు వస్తే మేము రామనే మాట ఒకప్పుడు మన పెద్దల మీద పడిన మాట. అది మన నోట రాకూడదు. ఏర్పరచుకునే అధికారం దేవునిది, తలుపు తెరిచి ఉంచే పని మనది.

ఏర్పాటు గొప్పదా, స్వేచ్ఛ గొప్పదా అని వాదించుకునేవారు ఫిలిప్పీ 2:12-13 కలిపి చదవాలని మా మనవి. ఒక వచనం మనలను భయముతో వణుకుతో ప్రయాసపడమంటుంది, మరుసటిది మనలో ఇచ్ఛనూ కార్యాన్నీ పుట్టించేవాడు దేవుడే అంటుంది. పౌలు ఆ రెంటినీ విడదీయలేదు, క్లౌ గారూ విడదీయలేదు. మన ఇళ్ళలోనూ అవి కలిసే ఉండునట్లు ప్రభువు కృప చేయును గాక. ఆమేన్.