పీటర్ సైమన్ పల్లాస్

పీటర్ సైమన్ పల్లాస్ (సెప్టెంబరు 22, 1741 - సెప్టెంబరు 8, 1811) రష్యాలో పనిచేసిన సుప్రసిద్ధ జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త. చిట్టెలుకల వలె కనిపించే పికాలను కుందేళ్ళకు బంధువులుగా వర్గీకరించి, వాటిలో పలు జాతులకు ఇతడు శాస్త్రీయ నామాలు పెట్టాడు.

బాల్యం, విద్య

పల్లాస్ బెర్లిన్‌లో జన్మించాడు. తండ్రి శస్త్రవైద్యుడు. జర్మనీలోని హాలే, గోటింగెన్‌లలో చదివి, 1760లో 19 ఏళ్ళ వయసులో నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం నుండి పట్టా పొందాడు. పేగులలోని పరాన్నజీవ పురుగులు ఇతని పరిశోధనాంశం.

సైబీరియా యాత్ర

1767లో రష్యా సామ్రాజ్ఞి రెండవ కేథరిన్ ఆహ్వానంపై సెయింట్ పీటర్స్‌బర్గ్ శాస్త్ర అకాడమీలో చేరాడు. 1768 నుండి 1774 వరకు వోల్గా, ఉరల్, అల్టాయ్, బైకాల్ ప్రాంతాలలో పర్యటించాడు. తిరిగి వచ్చేనాటికి 32 ఏళ్ళకే ఆరోగ్యం క్షీణించింది.

పికాల వర్గీకరణ

పికాలకు చెవులు చిన్నవి, గుండ్రనివి. తోక బయటకు కనబడదు. అయితే పైదవడ ముందుపళ్ళ వెనుక మరొక చిన్న జత ఉంటుంది. ఈ లక్షణం కుందేళ్ళలో ఉంది, ఎలుకలలో లేదు. పల్లాస్ పికాలను అడవి కుందేళ్ళ ప్రజాతియైన లీపస్‌లోనే చేర్చాడు. స్టెప్పీ పికా (1769), ఆల్పైన్ పికా (1773), డౌరియన్ పికా (1776) ఇతడు వర్ణించినవే. పికాలను ప్రధాన ఆహారంగా తినే పల్లాస్ పిల్లిని కూడా 1776లో ఇతడే వర్ణించాడు.

తరువాతి పరిణామాలు

1795లో పికాలకు ఒకోటోనా అనే ప్రత్యేక ప్రజాతి ఏర్పడింది. 1855లో బ్రాండ్ట్ కుందేళ్ళు, పికాలను కలిపి లాగోమార్ఫా అని పేరు పెట్టినా, ఎలుకల క్రమంలో ఉపక్రమంగానే ఉంచాడు. 1912లో గిడ్లీ దానిని స్వతంత్ర క్రమంగా వేరుచేశాడు. జీవించి ఉన్న జంతువులలో కుందేళ్ళకు అత్యంత సమీప బంధువులు పికాలేనని జన్యు పరిశోధనలు కూడా నిర్ధారించాయి. ఈ రెండు శాఖలు కోట్ల సంవత్సరాల క్రితమే విడిపోయాయి. లాగోమార్ఫాకు అతి దగ్గరి క్రమం ఎలుకలదే.

చివరి దశ

కేథరిన్ బహూకరించిన క్రిమియా ఎస్టేటులో పల్లాస్ చాలాకాలం నివసించాడు. 1810లో బెర్లిన్‌కు తిరిగివచ్చి, మరుసటి ఏడాది అక్కడే మరణించాడు. రష్యా జంతుజాలంపై ఇతడు రచించిన బృహద్గ్రంథం జూగ్రాఫియా రోసో-ఏషియాటికా పూర్తిగా వెలువడింది ఇతని మరణానంతరమే.