సెకండ్ క్లాసు సారు: క్రిస్టఫర్ స్ట్రేచీ

సావనీరుకు ఎవరైనా మహనీయుని జీవితం రాసిమ్మని మన యూనియన్ సాహిత్య కార్యదర్శి అడిగినప్పుడు, నేను గాంధీగారి మీదనో రాధాకృష్ణన్‌గారి మీదనో రాస్తానని అనుకొని ఉంటాడు. వాళ్లమీద రాసేవాళ్లు ప్రతి ఏడూ ఉండనే ఉన్నారు. నేను ఎన్నుకున్న మనిషి పేరు కంప్యూటర్ శాస్త్రజ్ఞులందరికీ తెలుసు గానీ, మన క్లాసులో సగం మందికి తెలియదు. పేరు క్రిస్టఫర్ స్ట్రేచీ. 1975లో చనిపోయాడు.

ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మాది మెదక్ జిల్లా శంకరంపేట. (జిల్లాలో పెద్దదీ చిన్నదీ రెండున్నయి, మాది చిన్నది.) మా బాపు దస్తావేజులు రాస్తాడు. అమ్మకం కాగితం అంతా ఒక్కటే పాఠం. మారేవి పేర్లు, సర్వే నంబరు, నాలుగు హద్దులు, రూపాయలు. చిన్నప్పుడు పాత నకలు ముందర పెట్టుకొని ఖాళీలు నింపిపెట్టేది నేనే. అట్లాంటివాణ్ణి పోయిన ఏడు సి లాంగ్వేజి పేపర్లో తప్పిన. ఒక ప్రశ్నలో, ఇచ్చినదాన్ని దానితోనే గుణించే మాక్రో ఒకటి ఇచ్చి, దాంట్లో 2+3 వేస్తే ఎంతొస్తుందని అడిగారు. 25 అని ధీమాగా రాసిన. జవాబు 11. మాక్రో లెక్క చెయ్యదు, అక్షరాలను ఎత్తి ఖాళీలో పోస్తుంది, అంతే. 2+3*2+3 అని పరిచేసరికి ముందు గుణకారం జరిగి, పదకొండవుతుంది. బాపుకు చెబితే నవ్విండు. ఖాళీలో ఏది రాస్తే అదే పడుతది, కాగితానికి తెలివి ఉండదన్నడు.

ఈ అక్షరాలు ఎత్తిపోసే యుక్తి ఎవరిదని వెతుకుతూ పోతే స్ట్రేచీ దొరికాడు.

ఆయన 1916 నవంబరు 16న లండనులో పుట్టాడు. రచయిత లిట్టన్ స్ట్రేచీ ఆయనకు చిన్నాయన. తాత సర్ రిచర్డ్ స్ట్రేచీ మన దేశంలో పెద్ద ఇంజనీరు. 1876-78 కరువులో రాయలసీమ మొదలు నిజాం రాజ్యం దాకా జనం మాడిపోయిన తరువాత వేసిన ఫామిన్ కమిషన్‌కు అధ్యక్షుడు ఆయనే. తండ్రి ఆలివర్ కూడా కొంతకాలం ఈస్టిండియా రైల్వేలో పనిచేసి, తరువాత రహస్యలిపులు విప్పే పనిలోకి పోయాడు. తల్లి రే స్ట్రేచీ స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన మనిషి. ఇంత ఇంట్లో పుట్టిన పిల్లవాడు కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో ఏం చేశాడంటారా? మూడో ఏడు మనసు చెదిరి మంచాన పడ్డాడు. చివరికి వచ్చింది సెకండ్ క్లాసు, అందులోనూ కింది మెట్టు. పరిశోధన చేయాలన్న ఆశ అక్కడితో ఆగిపోయింది. యుద్ధకాలంలో ఒక టెలిఫోన్ కంపెనీలో రాడార్ వాల్వుల లెక్కలు చేశాడు, యుద్ధమయ్యాక బడిపంతులయ్యాడు. 1949 నుంచి హారో స్కూలులో పాఠాలు.

కంప్యూటరును ఆయన మొదటిసారి చూసింది 1951 జనవరిలో, 34 ఏళ్ల వయసులో! మనమైతే ఆ వయసుకు ఆశలన్నీ మూటగట్టి అటకమీద పెడతాం. నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పైలట్ ఏస్ అనే యంత్రాన్ని చూసి వచ్చి, స్కూలు పనయ్యాక డ్రాట్స్ ఆట ఆడే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. అది ఆ యంత్రం మెమరీలో పట్టలేదు. మాంచెస్టరులో పెద్ద యంత్రం ఉందని తెలిసి, కింగ్స్ కాలేజీలోనే చదివిన ఆలన్ ట్యూరింగ్‌ను అడిగి దాని పుస్తకం తెప్పించుకున్నాడు. ఆ రోజుల్లో ఎవరూ రాయనంత పొడుగు ప్రోగ్రాం పట్టుకొనిపోయి రాత్రంతా కూర్చుంటే, తెల్లారేసరికి అది నడిచింది. చివర్లో యంత్రం ఇంగ్లండు జాతీయగీతం కూడా పాడింది. 1952లో అదే యంత్రం చేత ప్రేమలేఖలు రాయించాడు. వాక్యం చట్రం ఒక్కటే, ఖాళీల్లో మాటలు మారుతుంటాయి. బాపు అమ్మకం కాగితం లాంటిదే ఇదీనూ.

ఆ ఏడే బడి వదిలిపెట్టి, నేషనల్ రీసర్చ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌లో చేరాడు. ఫెరాంటీ పెగసస్ యంత్రం రూపకల్పనలో ఆయన చెయ్యి ఉంది. 1959లో ఒకే యంత్రాన్ని పలు పనులకు పంచడం మీద పారిస్ సభలో పేపరు చదివాడు. ఇవన్నీ పెద్ద విషయాలే గాని నేను చెప్పదలచుకున్నది తరువాతది.

1962లో కేంబ్రిడ్జిలో సి.పి.ఎల్. అనే కొత్త భాష తయారీలో చేరాడు. దాని కంపైలరు రాయడానికి ఒక సాధనం కావలసివచ్చింది. మాక్రోలు అప్పటికి కొత్త కాదు. 1950ల నుంచి అసెంబ్లర్లలో ఉన్నాయి. వాటిని పై భాషలకు ఎట్లా తగిలించాలో 1960లోనే అమెరికాలో డగ్లస్ మెకిల్‌రాయ్ రాశాడు. స్ట్రేచీ చేసినదేమిటంటే, ఏ భాషకూ కట్టుబడని మాక్రోజనరేటరు. 1965లో కంప్యూటర్ జర్నల్‌లో అచ్చయింది, దాన్ని జి.పి.ఎం. అంటారు. అందులో ఉన్నది పేరు, దానికిచ్చే సరుకు, నింపడానికి ఖాళీలు, విప్పవద్దని కాపాడే గుర్తులు, అంతే. మాక్రో లోపల మాక్రో పెట్టవచ్చు, మాక్రో చేతనే కొత్త మాక్రోను పుట్టించవచ్చు.

నన్ను రెండు రోజులు నిద్రపోనీయనిది ఇందులో పోలిక చూసే పద్ధతి. ఈ రెండూ సమానమా అని అడిగే ఆజ్ఞ జి.పి.ఎం.లో లేదు. ఆయన ఏం చేశాడంటే: మొదటి మాట పేరుతో కాదు అని ఒక మాక్రో రాస్తాడు. వెంటనే రెండో మాట పేరుతో అవును అని ఇంకోటి రాస్తాడు. ఇప్పుడు మొదటి మాటను పిలుస్తాడు. రెండు మాటలూ ఒకటే అయితే, వెనక రాసినది ముందుదాన్ని కప్పేస్తుంది గనక అవును వస్తుంది. వేరువేరైతే కాదు అని వస్తుంది. బాపుకు ఇది క్షణంలో అర్థమైంది. రెండు వీలునామాలుంటే చివరిదే కదా చెల్లేది!

సి.పి.ఎల్. పూర్తిగా ఎన్నడూ తయారుకాలేదు. అయితే దాన్నుంచి మార్టిన్ రిచర్డ్స్ 1967లో బి.సి.పి.ఎల్. తీశాడు, దాన్నుంచి కెన్ థాంప్సన్ బి, దాన్నుంచి డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో సి తీశారు. సి ప్రీప్రాసెసరులో మొదట ఉన్నవి రెండే: వేరే ఫైలును కలుపుకోవడం, ఉత్త పేరుకు బదులు పెట్టడం. ఫైలు కలుపుకోవడం బి.సి.పి.ఎల్.లో, పి.ఎల్.1లో చూసి పెట్టుకున్నదే. సరుకు తీసుకునే మాక్రోలను మైక్ లెస్క్, తరువాత జాన్ రైజర్ చేర్చారు. నన్ను తప్పించినది ఆ చేర్పే!

స్ట్రేచీ ఆక్స్‌ఫర్డులో ప్రోగ్రామింగ్ రీసర్చ్ గ్రూపు స్థాపించి, డానా స్కాట్‌తో కలిసి ప్రోగ్రాముల అర్థాన్ని గణితంలో చెప్పే శాస్త్రం కట్టాడు. 1971లో ప్రొఫెసరు పదవి ఇచ్చారు. డాక్టరేటు లేదు. అచ్చువేయించుకోవడంలో మాత్రం మహా బద్ధకస్తుడు, లేదా తృప్తి లేనివాడు అనాలేమో. 1967లో కోపెన్‌హేగన్‌లో చెప్పిన పాఠాలు నకళ్లుగా చేతులు మారి, 2000లో గాని అచ్చుకాలేదు. 1975 మే 18న కామెర్లతో పోయాడు. 58 ఏళ్లు.

జి.పి.ఎం. వారసుడు ఎమ్4 1977లో కెర్నిగన్, రిచీ రాసినది. లినక్స్ ఉన్న మిషన్ల మీద ఇప్పటికీ దొరుకుతుంది. దసరా సెలవుల్లో నేను బాపు అమ్మకం కాగితాన్ని దాంట్లోకి ఎక్కించిన. పేర్లు, సర్వే నంబరు, హద్దులు ఇస్తే మొత్తం దస్తావేజు బయటికొచ్చింది. బాపు కండ్లద్దాలు పెట్టుకొని ఒక్కసారి చూసి, ఇది రిజిస్టరు కాదు బిడ్డా అన్నడు. తూర్పు హద్దులో ఇద్దరి పేర్ల నడుమ నేను కామా పెట్టిన, దాన్నది రెండు సరుకులనుకుంది. రెండో మనిషి పోయి పడమర హద్దులో కూర్చున్నడు, పడమరాయన ఉత్తరానికి జరిగిండు. ఆ పేర్ల చుట్టూ కాపాడే గుర్తులు పెట్టి మళ్లీ తీసిన.