మురికి కాలువలో దొరికిన పేజీలు



మన యౌవనస్థులలో ఇంగ్లీషు బాగా రావాలన్న ఆశ ఎంతో ఉంది. రోజుకు పది కొత్త మాటలు నోటు పుస్తకంలో రాసుకునేవారు, ఫోనులో నేర్చుకునేవారు, స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకు ఫీజు కట్టేవారు దాదాపు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఆ ఆశ మంచిదే. అయితే నేర్చుకున్న మాటలను దేనికి వాడాలన్న ప్రశ్న కూడా వారి ముందు ఉండాలి. అందుకే ఈ వారం, అమెరికాలో బానిసగా పుట్టి ఇంగ్లీషు భాషలో పేరుగాంచిన వక్తలలో ఒకరైన ఫ్రెడరిక్ డగ్లస్ జీవితాన్ని మేము మీ ముందు ఉంచుతున్నాము.

ఆయన 1818లో మేరీలాండ్ రాష్ట్రంలో పుట్టారు. పుట్టినరోజు ఏదో ఆయనకు చివరివరకూ తెలియలేదు. పసితనంలోనే తల్లినుండి వేరుచేశారు. సుమారు ఎనిమిదేండ్ల వయసులో బాల్టిమోర్ పట్టణంలో హ్యూ ఆల్డ్ అనే యజమాని ఇంటికి పంపారు. ఆ ఇంటి యజమానురాలు సోఫియా, భర్త లేనప్పుడు బైబిలు పైకి చదివేది. ఆ శబ్దం విన్న బాలునికి తానూ చదవాలని ఆశ కలిగింది. నేర్పమని అడిగాడు. ఆమె సంతోషంగా అక్షరాలు నేర్పి, మూడు నాలుగు అక్షరాల మాటలవరకూ తెచ్చింది. సంగతి తెలిసిన భర్త వెంటనే ఆపించాడు. చదువు వస్తే బానిస ఇక బానిసగా ఉండడని అతని భయం. ఆ మాట బాలుడు విన్నాడు. తన విడుదలకు దారి ఎక్కడుందో యజమాని నోటనే అతనికి తెలిసింది.

అప్పటినుండి వీధే అతని బడి అయింది. పనిమీద బయటికి వెళ్ళేటప్పుడు రొట్టె ముక్కలు వెంట తీసుకువెళ్ళేవాడు. ఆకలితో ఉన్న బీద తెల్లవారి పిల్లలకు ఆ రొట్టె ఇచ్చి, బదులుగా పాఠం చెప్పించుకునేవాడు. ఓడలు కట్టే చోట వడ్రంగులు దుంగలమీద వేసే గుర్తులు చూసి అక్షరాలు రాయడం నేర్చుకున్నాడు. గోడలు, కంచెలు, రాళ్ళు పరచిన బాట అతనికి పలకలు, సుద్దముక్క బలపం. చిన్న దొర రాసి పడేసిన కాపీ పుస్తకాలలో మిగిలిన ఖాళీలలో రాసి దస్తూరి దిద్దుకున్నాడు.

సుమారు పన్నెండేండ్లప్పుడు, బూట్లు పాలిష్ చేసి సంపాదించిన 50 సెంట్లతో కొలంబియన్ ఆరేటర్ అనే ఉపన్యాసాల పుస్తకం కొన్నాడు. అందులో ఒక బానిస తన యజమానితో వాదించి స్వేచ్ఛ పొందే సంభాషణ ఉంది. దానిని మళ్ళీ మళ్ళీ చదివాడు. తన మనసులో పుట్టి, చెప్పే మాట దొరకక చచ్చిపోతున్న తలంపులకు ఆ పుస్తకం నోరిచ్చింది.

అబాలిషన్ అనే మాట అతని చెవిన తరచుగా పడేది. బానిసలు పారిపోయినా, తిరగబడినా యజమానులు ఆ మాటే ఎత్తేవారు. డిక్షనరీ తీసి చూస్తే రద్దు చేయుట అని ఉంది. దేనిని రద్దు చేయుట? ఎవరినైనా అడగాలంటే భయం. చివరికి ఒక వార్తాపత్రికలో, బానిసత్వాన్ని రద్దు చేయాలని కాంగ్రెసుకు పంపిన విన్నపాల గురించి చదివినప్పుడు అర్థమైంది. డిక్షనరీ చెప్పలేని అర్థం చదువుతూ పోగా దొరికింది.

అదే కాలంలో అతడు దేవుని వైపు తిరిగాడు. బాల్టిమోర్ మురికి కాలువలలో పడి ఉన్న బైబిలు పేజీలను ఏరి, కడిగి, ఆరబెట్టి చదివేవాడు. లాసన్ అనే నల్లజాతి వృద్ధుడు అతనికి ఆత్మీయ తండ్రి అయ్యాడు. ఆ పెద్దాయనకు చదువు అంతంతమాత్రం. బాలుడు ఆయనకు అక్షరం చెప్పాడు, ఆయన బాలునికి ఆత్మార్థం చెప్పాడు. యజమాని కొరడా చూపి బెదిరించినా వారి సహవాసం ఆగలేదు.

ఇక్కడ సంఘం సిగ్గుపడవలసిన సంగతి ఒకటుంది. తరువాతి యజమాని థామస్ ఆల్డ్ ఒక ఉజ్జీవ కూటంలో మారుమనస్సు పొందానని చెప్పుకున్నాడు. ఇంట్లో ఉదయం సాయంత్రం ప్రార్థనలు జరిగాయి. బానిసలమీద మాత్రం క్రూరత్వం పెరిగింది. డగ్లస్ మరికొందరితో కలిసి బానిసలకు కొత్త నిబంధన చదవడం నేర్పే ఆదివారపు బడి పెడితే, మెథడిస్టు సంఘంలో క్లాసు లీడర్లుగా ఉన్నవారే కర్రలతో వచ్చి చెదరగొట్టారు. ఆయన మానలేదు. తరువాత వేరొక పొలంలో ఉన్నప్పుడు మళ్ళీ రహస్యంగా బడి నడిపారు. ఒక దశలో 40 మందికి పైగా వచ్చారు. దొరికితే కొరడా దెబ్బలు తప్పవని తెలిసే వచ్చారు.

1838 సెప్టెంబరు 3న నావికుని వేషంలో ఆయన తప్పించుకున్నారు. న్యూ బెడ్‌ఫర్డ్‌లో తెల్లవారి సంఘానికి వెళితే, ప్రభువు బల్ల దగ్గర ముందు తెల్లవారికి, ఆ తరువాతే నల్లవారికి ఇచ్చారు. ఆయన లేచి వచ్చేసి, నల్లజాతివారి జయాను మెథడిస్టు సంఘంలో చేరారు. అక్కడే ప్రసంగించడం అలవడింది. 1841లో నాంటకెట్‌లో తన కథ చెప్పినప్పటినుండి బానిసత్వానికి విరోధంగా ఊరూరా మాట్లాడారు. ఆయన భాష ఎంత చక్కగా ఉండేదంటే, ఇతడు బానిసగా ఉన్నాడా అని జనం సందేహించారు. కాస్త తోటపనివాడి యాసలో మాట్లాడమని మిత్రులే సలహా ఇచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. 1845లో పేర్లతో, ఊర్లతో సహా తన చరిత్ర అచ్చువేశారు. పట్టుబడే ప్రమాదం వల్ల సముద్రం దాటి వెళ్ళవలసి వచ్చింది. బ్రిటనులోని స్నేహితులు 150 పౌండ్లు చెల్లించి 1846లో ఆయనను విడిపించారు. తిరిగి వచ్చి 1847లో నార్త్ స్టార్ పత్రిక స్థాపించారు. 1895లో కన్నుమూసేవరకూ తన జనుల పక్షంగా, స్త్రీల ఓటు హక్కు పక్షంగా మాట్లాడుతూనే ఉన్నారు.

ప్రియులారా, మన తాతముత్తాతలలో ఎందరో, ఊరి బడి గడప తొక్కనివ్వని రోజుల్లో మిషను బడిలో పలక పట్టినవారే. ఆ చదువు ఫలం ఈనాడు మనం తింటున్నాము. అయితే నాలుగు ఇంగ్లీషు మాటలు రాగానే తెలుగు మీడియం బిడ్డను తక్కువగా చూసే చూపు మన సంఘాల్లోకి రాలేదా? ఇంగ్లీషులో ప్రార్థన చేసినవారికి ముందు కుర్చీ, చదువురాని తల్లికి వెనుక చాప వేయడం లేదా? ప్రభువు బల్ల దగ్గర డగ్లస్ చూసిన వరుస కూడా ఇటువంటిదే.

కాబట్టి యౌవనస్థులారా, మాటలు నేర్చుకోండి, ఎన్ని వీలైతే అన్ని నేర్చుకోండి. పట్టిక బట్టీపట్టడంతో ఆగక పుస్తకాలు, పత్రికలు చదవండి. వారానికి ఒక సాయంకాలం మందిరం తలుపు తీయించి, మీకు వచ్చినది రాని పిల్లలకు చెప్పండి. తన బైబిలు తాను చదువుకోలేని వృద్ధుని ప్రక్కన కూర్చోండి. పెద్దలారా, పాస్టరుగార్లారా, ఆ తాళంచెవి మీ దగ్గరే ఉంది. కర్రలతో వచ్చిన క్లాసు లీడర్ల కోవలో మనం చేరకుండునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.