హోమ్‌లో బాకా పట్టి లోకాన్ని గెలిచిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్



మహాత్మా ఫూలే, డాక్టర్ అంబేద్కర్ జీవితాలను మనం ఏటా స్మరించుకుంటాం. రంగు కారణంగా అవమానాలు పడి, ప్రపంచం మెచ్చిన ఒక అమెరికా నల్లజాతి సంగీతకారుని జీవితం కూడా మనకు తెలియాలి. ఆయనే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. చంద్రుని మీద కాలు పెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ వేరు. ఈయన జాజ్ సంగీతానికి పెద్దదిక్కు. ఇంట్లో తానే రికార్డు చేసి దాచుకున్న టేపుల ఆధారంగా 2022లో ఆయనపై ఒక డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది.

లూయీ 1901 ఆగస్టు 4న న్యూ ఆర్లియన్స్ నగరంలో కడుపేద ఇంట పుట్టాడు. తండ్రి వదిలేసి పోయాడు. తల్లి మేయాన్ ఇళ్లలో పనిచేసి పిల్లలను సాకింది. లూయీ పసితనంలోనే కార్నోఫ్‌స్కీ అనే యూదు కుటుంబం బండి వెంట తిరిగి పాత సామాను ఏరాడు, బొగ్గు అమ్మాడు.

1912 డిసెంబరు 31 రాత్రి కొత్త సంవత్సరం సంబరాల్లో వీధిలో పిస్తోలు పేల్చాడు. పోలీసులు పట్టుకున్నారు. మర్నాడే నల్లజాతి పిల్లల హోమ్‌కు పంపించారు. అప్పటికి వయసు 11 ఏళ్లు. అక్కడ మిలిటరీ క్రమశిక్షణ ఉండేది. కానీ ఆ హోమ్‌కు ఒక బ్యాండు, పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు ఉన్నారు. ఆయన లూయీకి మొదట తంబురిన్, తర్వాత డ్రమ్ము, చివరికి కార్నెట్ అనే చిన్న బాకా ఇచ్చాడు. కొంతకాలానికి లూయీ ఆ బ్యాండుకే నాయకుడయ్యాడు.

1914లో విడుదలయ్యాక పగలు బొగ్గు బండి తోలుతూ, రాత్రిళ్లు బాకా ఊదాడు. 1922లో గురువు కింగ్ ఆలివర్ షికాగో పిలిపించుకున్నాడు. 1925 నుండి 1928 వరకు సొంత బృందాలతో చేసిన రికార్డులు జాజ్ రూపాన్నే మార్చాయి. అంతవరకు బృందమంతా కలిసి వాయించడమే ముఖ్యం. ఈ రికార్డులతో ఒక్క కళాకారుడు అప్పటికప్పుడు కల్పించి వాయించే పద్ధతికి పెద్దపీట దక్కింది.

ఎంత పేరు వచ్చినా వివక్ష పోలేదు. తాను వాయించిన హోటళ్లలోనే కొన్నిచోట్ల ఆయనకు గది ఇచ్చేవారు కాదు. మరోవైపు, తెల్లవాళ్ల ముందు పళ్లికిలిస్తాడని నల్లజాతి యువకులు కొందరు ఆయనను తప్పుపట్టారు.

1957లో లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులను బడిలోకి రానీయకుండా గవర్నర్ ఫాబస్ సాయుధ బలగాలను నిలబెట్టాడు. అది చూసి ఆర్మ్‌స్ట్రాంగ్ ఊరుకోలేదు. గవర్నరును, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ను పత్రికాముఖంగా దుయ్యబట్టాడు. ప్రభుత్వం తరపున సోవియట్ యూనియన్‌లో చేయవలసిన పర్యటనకు వెళ్లనన్నాడు. కచేరీలు మానిపించాలని కొందరు పిలుపునిచ్చారు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

1964లో, 62 ఏళ్ల వయసులో, ఆయన పాట బీటిల్స్ బృందాన్ని వెనక్కి నెట్టి అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. 1971 జులై 6న న్యూయార్క్‌లోని తన ఇంట్లో కన్నుమూశాడు. ఆ ఇల్లు 2003 నుండి మ్యూజియం.

మిత్రులారా! హోమ్ గొప్పది కాబట్టి ఆయన గొప్పవాడయ్యాడని మనం అనలేం. అది శిక్ష కోసం పంపిన చోటు. అక్కడ ఒక ఉపాధ్యాయుడు ఒక పిల్లవాడిని నమ్మాడు, అంతే. 1931లో పేరున్న కళాకారుడిగా సొంత ఊరికి వచ్చినప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ హోమ్‌కు వెళ్లి పిల్లలను కలిశాడు. ఆత్మకథలోనూ ఆ రోజుల్ని దాచలేదు. మనలో ఉద్యోగాలు వచ్చాక ఏ హాస్టల్లో చదివామో చెప్పుకోవడానికి వెనుకాడేవాళ్లం ఉన్నాం. బడి గుమ్మం దగ్గర మన తమ్ముళ్లను, చెల్లెళ్లను ఎవరైనా ఆపితే మన ఉద్యోగం గుర్తొచ్చి మౌనంగా ఉండేవాళ్లమూ ఉన్నాం. ఈ రెండు విషయాల్లోనూ ఆయన జీవితం మనకు పాఠం కావాలి.