పుట్టుకనే నేరమన్న చట్టము – అనంతశయనం అయ్యంగారు

శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగారి పేరు వినగానే లోక్‌సభాపతి పీఠమే అందరికీ స్ఫురిస్తుంది. 1891లో తిరుపతి చెంత తిరుచానూరులో జన్మించి, చిత్తూరులో న్యాయవాదిగా పేరొంది, స్వాతంత్ర్య సమరంలో చెరసాల చూచి, 1956లో మావలంకర్ అనంతరం ఆ పీఠమధిష్ఠించిన వారాయన. విద్యార్థి లోకం అంతగా ఎరుగని వారి మరొక సేవను ఇక్కడ ముచ్చటింపదలచాము.

1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. ప్రకటిత తెగలవారు పేర్లు నమోదు చేయించుకోవాలి, పోలీసులకు హాజరు చెప్పుకోవాలి, అనుమతి చీటీ లేనిదే ఊరు దాటరాదు. 1911 చట్టంతో ఈ పీడ మద్రాసు రాజధానికీ వ్యాపించింది. బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురం ఎరుకలవారి కోసం అట్లా వెలసిన సెటిల్‌మెంటే. తల్లి గర్భంలోని శిశువుకు సైతం దొంగ అన్న పేరు సిద్ధంగా ఉండేది!

స్వాతంత్ర్యం వచ్చిన వెనుక 1949లో కేంద్ర ప్రభుత్వం ఈ చట్టంపై నియమించిన విచారణ సంఘానికి అయ్యంగారే అధ్యక్షులు. మద్రాసు 1947లోనే దానిని రద్దు చేసినా, పెక్కు ప్రాంతాలలో అది ఇంకా అమలులోనే ఉంది. చట్టాన్ని సమూలంగా తొలగించాలనీ, పదే పదే నేరం చేసేవారికి కులజాతి భేదం లేక ఒకే చట్టం ఉండాలనీ 1950 నివేదికలో ఆ సంఘం సూచించింది. 1952 ఆగస్టు 31న రద్దు అమలైంది. ఆ తెగలు విముక్త జాతులైనాయి.

అయ్యంగారు 1962 నుండి 1967 వరకు బీహారు గవర్నరుగా ఉండి, 1978లో పరమపదించారు. వారి సంఘం చేసిన రెండవ సూచన మాత్రం, మా దృష్టిలో, ఆశించిన ఫలమీయలేదు. రాష్ట్రాలు తెచ్చిన అలవాటు నేరస్థుల చట్టాల నీడ తిరిగి ఆ తెగల మీదనే పడింది. 2024లో కారాగార నియమాలలోని కులవివక్షను సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు ఈ సంగతీ చర్చకు వచ్చింది.