పల్లె పిల్లలకు పట్నంలో పెద్దదిక్కు సురవరం

తొగుట (మా విలేఖరి): జూన్ నెలలో బడులు, కాలేజీలు తెరిచారంటే సిద్దిపేట బస్టాండులో ట్రంకు పెట్టెలు కనబడతాయి. పెట్టె మీద తెల్లరంగుతో పిల్లవాడి పేరు, పక్కన పరుపుచుట్ట, చేతిలో తల్లి చేసిచ్చిన అప్పాల డబ్బా. తండ్రి పెట్టెను హాస్టల్ గదిలో దించి, వార్డెన్ సారుకు నాలుగు అప్పగింతలు చెప్పి మళ్లీ బస్సెక్కుతాడు. ఆ పూట నుంచి ఆ పిల్లవాడికి తల్లీ తండ్రీ హాస్టలే.

మన వేములఘాట్ వాళ్లకు ఈ సంగతి మరింత బాగా తెలుసు. మల్లన్నసాగర్ రిజర్వాయర్ కింద పోయిన ఊళ్లలో వేములఘాట్ ఒకటి. 2021లో ఊరు ఖాళీ అయింది. కుటుంబాలు గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి చేరాయి. సెలవులకు పోదామంటే పుట్టిన ఊరే లేని పిల్లలకు హాస్టల్ అంటే ఏమిటో, దానిని చూసుకునే పెద్దమనిషి ఎట్లా ఉండాలో వేరే చెప్పనక్కరలేదు.

దాదాపు వందేళ్ల కిందట హైదరాబాదులో అలాంటి బాధ్యతను తలకెత్తుకున్న మహనీయుడు సురవరం ప్రతాపరెడ్డి. గోలకొండ పత్రిక సంపాదకుడుగా, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రచయితగా ఆయన అందరికీ తెలుసు. ఆయన ఒక హాస్టల్‌ను ఏళ్ల తరబడి చూసుకున్న సంగతి మాత్రం తక్కువ మందికి తెలుసు.

చదువు కోసం ఊరు విడిచి

ప్రతాపరెడ్డి 1896 మే 28న జన్మించారు. ఆయన స్వగ్రామం ఇటిక్యాలపాడు నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. నిజాం రాజ్యంలో పుట్టినా చదువు కోసం చిన్ననాడే తుంగభద్ర దాటి కర్నూలు పోవలసి వచ్చింది. అక్కడినుంచి మద్రాసు చేరి ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. చదివారు. ఆ తర్వాత న్యాయశాస్త్రంలో బి.ఎల్. పట్టా పొందారు. అయినవాళ్లకు దూరంగా, పరాయిచోట ఉండి చదువుకోవడంలోని కష్టం ఆయనకు ఒకరు చెప్పగా తెలిసింది కాదు.

ఆనాటి నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవారే ఎక్కువ. పాలన మాత్రం ఉర్దూలో సాగేది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అందులోనూ బోధన ఉర్దూలోనే. పల్లెలలో పెద్ద చదువులు లేవు. చదువు వచ్చినవారు నూటికి పదిమంది కూడా లేని రోజులవి. కొడుకును పట్నం పంపే ధైర్యం చేసిన రైతుకు అసలు చిక్కు అక్కడ ఎదురయ్యేది. పిల్లవాడు ఎక్కడ ఉంటాడు? ఏమి తింటాడు? జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరకకనే ఎన్నో చదువులు ఊళ్లోనే ఆగిపోయేవి.

రెడ్డి హాస్టల్ పుట్టుక

ఆ చిక్కును విప్పడానికి పూనుకున్నవారు రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టి, పోలీసు శాఖలో అమీనుగా మొదలై, 1920లో హైదరాబాదు నగర కొత్వాల్ అయ్యారు. నిజాం రాజ్యంలో హిందువులకు ఆ పదవి దక్కడం చాలా గొప్ప. ఆయన పూనికతో 1918లోనే రెడ్డి హాస్టల్ వెలిసింది. కలిగినవారు విరాళాలు ఇచ్చారు. తెలుగు జిల్లాల పిల్లలకు పట్నంలో ఒక నీడ దొరికింది.

ఇల్లు కట్టడం ఒక ఎత్తు, దానిని నడపడం ఇంకో ఎత్తు. చదువు ముగించుకున్న ప్రతాపరెడ్డిని పిలిచి 1920ల మధ్యలో హాస్టల్ బాధ్యత అప్పగించారు. వకీలు పట్టా ఉన్న యువకుడు కోర్టులో నాలుగు డబ్బులు చూసుకోకుండా పిల్లల మధ్యకు వచ్చి కూర్చోవడం విశేషమే.

హాస్టల్ పని పైకి కనబడేంత తేలిక కాదు. బియ్యం, పప్పు లెక్క చూడాలి. వంటవాళ్లకు, పనివాళ్లకు జీతాలు అందించాలి, వాళ్ల కష్టసుఖాలు కనుక్కోవాలి. రుసుము కట్టలేని పిల్లవాడిని బయటికి పంపకుండా దారి వెతకాలి. ఇంటిమీద బెంగపెట్టుకున్న వాడికి ధైర్యం చెప్పాలి. తప్పు చేసిన వాడిని మందలించాలి, కాని చదువు మాన్పించేంతగా కాదు. ఇందులో ఏది తప్పినా కూడు దగ్గర గొడవ మొదలై చదువు దాకా పోతుంది.

ప్రతాపరెడ్డి అన్నం పెట్టడంతోనే పని అయిపోయిందనుకోలేదు. హాస్టల్ గ్రంథాలయాన్ని పెంచారు. విద్యార్థులకు తెలుగు పుస్తకం అలవాటు చేశారు. బయట ఉర్దూ, ఇంగ్లీషు చదివి వచ్చిన పిల్లలకు హాస్టల్‌లో తల్లిభాష మీద గౌరవం కలిగించారు.

పత్రిక, సభ, సంచిక

అది ఎంత అవసరమైన పనో తెలియాలంటే 1921 నాటి ఒక సంఘటన చూడాలి. హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలుగువాడు తన రాజధానిలో తన భాష మాట్లాడితే నవ్వులపాలైన కాలమది.

1920ల మధ్యలో ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను ప్రారంభించారు. నిజాం రాజ్యంలో కవులే లేరన్నట్లు ఒకరు రాస్తే, ఆయన తగవుకు దిగలేదు. ఊరూరి నుంచి కవితలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చూపించారు.

మన ప్రాంతానికీ ఆయనకూ గట్టి సంబంధం ఉంది. 1930లో అప్పటి మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షుడు ప్రతాపరెడ్డే. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ కూడా జరిగింది. ఆనాడు సిద్దిపేట కూడా మెదక్ జిల్లాలోనిదే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కొత్వాల్ అంటే సర్కారుకు కన్ను, చెవి. అలాంటి కొత్వాల్ పెట్టిన హాస్టల్‌ను చూసుకునే మనిషి పత్రికలో ప్రజల గోడు రాశారు. ఇది కత్తిమీద సాము. అయినా హాస్టల్ మూతపడలేదు, కలం ఆగలేదు. ఆ హాస్టల్‌లో ఉండి చదువుకున్న రావి నారాయణరెడ్డి తర్వాత తెలంగాణ సాయుధ పోరాట నాయకుడయ్యారు. 1952 ఎన్నికలలో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు సాధించారు.

అందరికీ అందని నీడ

ఒక లోటు మాత్రం చెప్పకుండా ఉండలేము. ఆనాటి హాస్టళ్లు చాలావరకు కులాల పేరుమీద వెలిసినవే. వెనుకనున్న కులానికి డబ్బున్న దాతలు లేరు, కనుక హాస్టలూ లేదు. దళితుల పిల్లల కోసం భాగ్యరెడ్డివర్మ వంటివారు హైదరాబాదులో బడులు పెట్టి ఎంతో శ్రమపడవలసి వచ్చింది. కులం అడగకుండా అందరికీ కూడు, గూడు, చదువు ఒక్కచోట దొరకాలన్న ఆలోచనకు రూపం రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభమైంది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. ఆయన కూడా విద్యార్థిగా వందేమాతరం ఉద్యమంలో పాల్గొని ఉస్మానియాలో చోటు పోగొట్టుకుని, నాగపూర్ పోయి చదువుకున్నవారే. పరాయి ఊళ్లో చదువు ఎట్లుంటుందో ఎరిగిన వారే పిల్లల వసతి గురించి పట్టించుకున్నారన్నమాట.

ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. వెంకటరామారెడ్డి కూడా అదే ఏడాది మరణించారు. ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చేసరికి రచయిత లేరు. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టేందుకు 2025లో శాసనసభ ఆమోదం తెలిపింది.

పేరు పెట్టడం మంచిదే. కాని ఆయన చేసిన పని కూడా గుర్తుండాలి. నేడు మన జిల్లాలో గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లు ఉన్నాయి. అక్కడ రాత్రిపూట దీపాలు ఆర్పాక ఏ పిల్లవాడు నిద్రపోలేదో చూసే వార్డెన్, తెల్లవారకముందే పొయ్యి వెలిగించే వంటమనిషి ఆయన బాటలోనే ఉన్నారు. తల్లిదండ్రులు కూడా పెట్టె దించి వచ్చేయడంతో సరిపెట్టుకోకుండా నెలకొకసారి పోయి, పిల్లవాడితోపాటు వాళ్లనూ పలకరించి రావడం మంచిది. ఊరు నీళ్లపాలైనా చదువు నీళ్లపాలు కాకూడదు.