రాతి బలాన్ని లెక్కించిన మేధావి – డాక్టర్ కె. ఎల్. రావు

మహానదికి అడ్డుగా నిలిచిన ఆనకట్టను చూచినవారు దాని ఎత్తుకు అబ్బురపడతారు. అంత నీటి త్రోపుకు ఆ రాయి ఎందుకు బీటలు వారలేదని ఆలోచించేవారు అరుదు. ఆ ఆలోచనకే జీవితాన్ని అంకితం చేసిన తెలుగు ఇంజనీరు డాక్టర్ కానూరి లక్ష్మణరావు.

ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. తొమ్మిదవ ఏట పితృవియోగం సంభవించింది. పాఠశాలలో ఆడుకొంటూ గాయపడి ఒక కంటి చూపు కోల్పోయారు. అయినా విద్యాదీక్ష సడలలేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు మాస్టర్ పట్టా పొందిన ప్రథమ విద్యార్థి ఆయనే. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు అందుకొన్నారు. రంగూనులో ఆచార్యులుగా పనిచేశారు. 1954లో కేంద్ర జల విద్యుత్ కమిషన్ చీఫ్ ఇంజనీరు అయ్యారు.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రూపకల్పనలో ఆయన పాత్ర ప్రధానమైనది. సిమెంటు, యంత్రాలు కొరతగా ఉన్న ఆ రోజుల్లో, సుమారు 124 మీటర్ల ఎత్తున రాతికట్టడమే నిర్మించారు. రాతికట్టడం నొక్కుడును భరిస్తుంది గాని లాగుడును ఓర్వదు. జలాశయం నిండినప్పుడు ఎగువ పాదం వద్ద లాగుడు ఏర్పడితే సన్నని బీట పుడుతుంది. అందులో నీరు చొరబడి బీటను పెంచుతుంది. అందుచేత కట్టడపు బరువు, నీటి త్రోపు కలిసిన బలం అడుగు వెడల్పులోని నడిమి మూడవ వంతులోనే పడేటట్లు లెక్కకట్టాలి. నేడు కంప్యూటరు కట్టడాన్ని వేల చిన్న ముక్కలుగా విభజించి, ఏ ముక్క ఎంత వంగునో, ఎక్కడ చిట్లునో లెక్కించి చూపుతుంది. నాటి ఇంజనీర్లకు కాగితము, స్లైడ్‌రూలు, వివేకమే ముఖ్య సాధనాలు. 1967లో సాగర్ కాలువలకు నీరు విడుదలైంది.

1963లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. ఆ ఏడాది నుండి 1973 వరకు కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖల బాధ్యత వహించారు. 1972లో గంగా కావేరీ అనుసంధానాన్ని ప్రతిపాదించారు. అధిక వ్యయం, నీటిని ఎత్తిపోయడానికి కావలసిన విద్యుత్తు కారణంగా అది కార్యరూపం దాల్చలేదు. 1986 మే 18న కీర్తిశేషులయ్యారు. పులిచింతల జలాశయం నేడు ఆయన పేరు ధరించింది.

చంద్రపూర్ సీమను తడిపే వార్ధా, వైన్‌గంగతో కలిసి ప్రాణహితయై, గోదావరిలో చేరి తెలుగునేలకు సాగిపోతుంది. నదికి భాషాభేదం లేదు. మరాఠీ గడ్డపై తెలుగు చదివే బాలబాలికలకు ఒంటికన్నుతోనే దూరదృష్టి సాధించిన ఆ మహనీయుని జీవితం ఒక చక్కని పాఠం.